ఫిలిపినా రచయిత్రుల ‘మనం’, ‘మేము’

మార్చి నెల వచ్చిందంటే ‘స్ఫూర్తినిచ్చిన ఆసియా రచయిత్రులు’ లాంటి జాబితాలు చేతులు మారుతుంటాయి. వాటిలో ఫిలిప్పీన్స్‌కి మహా అయితే రెండు మూడు వరుసలు దొరుకుతాయి. నినోచ్కా రోస్కా నియంత మార్కోస్ కాలంలో జైలుకెళ్ళింది. లువాల్హాతి బౌతిస్తా సైనికపాలన మీద నవల రాసింది. ఏంజెలా మనలాంగ్ గ్లోరియా కవితను అసభ్యమన్నారు. ఇవన్నీ నిజాలే. కానీ చదివినవాళ్ళు ఒక నమస్కారం పెట్టి పక్కకు వెళ్ళిపోవచ్చు, పుస్తకం తెరవాల్సిన పని పడదు.

ఇంకొకరి ధైర్యం అరువు తెచ్చుకోవడం కుదరదన్నది నా అభిప్రాయం. అది వాళ్ళ కాలానిది, వాళ్ళ మెడ మీద వేలాడిన కత్తిది. పనితనం మాత్రం అరువు దొరుకుతుంది. ఫలానా సంగతిని ఏ గొంతుతో చెప్పారు, ఏ మాట దగ్గర ఆగారు, దేన్ని చెప్పకుండా వదిలేశారు అన్నవి రాసేవాళ్ళకి పనికొస్తాయి. ఈ పనితనంలో సగానికి సగం ఇంగ్లిషులోకి వచ్చేసరికి కారిపోతుంది. తెలుగులో అది నిలుస్తుంది. అయినా మనం వాళ్ళని ఇంగ్లిషు కిటికీలోంచే చూసి, కనిపించిన నినాదం మాత్రం తెచ్చుకుంటున్నాం.

తాయో, కామీ

ఫిలిప్పీన్స్ ప్రధాన భాష తగలోగ్. అందులో ఎదుటివాళ్ళని కలుపుకుంటే ‘తాయో’, బయట నిలబెడితే ‘కామీ’. ఇంగ్లిషువాళ్ళకి దీన్ని రెండు పేజీల్లో వివరించాలి. తెలుగు పిల్లలకి బడికి వెళ్ళకముందే వచ్చేస్తుంది. ‘ఆలిస్ నా తాయో’ అంటే ఇక మనం వెళ్దాం. ‘ఆలిస్ నా కామీ’ అంటే ఇక మేం వెళ్తాం. మొదటి మాట విన్న తల్లి చెప్పులేసుకుంటుంది, రెండో మాట విన్న తల్లి గుమ్మంలో నిలబడి చూస్తుంది. ఇంగ్లిషులో రెండూ ఒకే వాక్యమైపోతే, దాన్ని చూసి తెలుగు చేసేవాళ్ళు ‘మేము’ అనాలో ‘మనం’ అనాలో ఊహించుకోవాలి. ఊహ తప్పితే సన్నివేశంలోంచి ఒక మనిషి మాయమవుతుంది.

బౌతిస్తా ‘డెకాడ 70’ని ఈ దృష్టితో చూడండి. ఐదుగురు కొడుకుల తల్లి అమాండా బార్తొలొమె తన గొంతుతో చెప్పే నవల అది. భర్త హూలియన్ ఇంజనీరు, మధ్యతరగతి ఇల్లు. పెద్దకొడుకు జూల్స్ ఉద్యమంలోకి వెళ్తాడు. జేసన్ శవమై దొరుకుతాడు. 1972లో విధించిన సైనికపాలన ఈ ఇంటికి ఒకేసారి రాదు, ఒక్కో కొడుకు వెంట ఒక్కో దారిన వస్తుంది. మొదట్లో అమాండా ఏ ఊరేగింపుకీ వెళ్ళదు. పిల్లల మాటల్లోంచి, వాళ్ళు దాచేసిన మాటల్లోంచి దేశం ఆమెకి తెలుస్తుంటుంది. అలాంటి ఆడమనిషి ‘మేము’ అన్నప్పుడు అందులో ఎవరెవరున్నారు? భార్యాభర్తలా, తల్లీపిల్లలా, వీధిలోకొచ్చిన జనమా? నవల నడక అంతా ఆ సర్వనామం ఎంత విస్తరించిందన్నదే. ‘బాహాయ్ నామిన్’ అంటే మా ఇల్లు, ‘బాహాయ్ నాతిన్’ అంటే మన ఇల్లు. తెలుగువాళ్ళకి ఇందులో విడమరిచి చెప్పేదేముంది!

మర్యాద సంగతి దీనికంటే తికమక పెడుతుంది. తగలోగ్ ‘పో’ మన ‘అండి’కి దాదాపు సరిపోతుంది. ‘ఓపో’ అంటే అవునండి. ‘కా’, ‘కాయో’ అచ్చంగా నువ్వు, మీరు. ‘ఆతె’ అక్క, ‘కూయా’ అన్న. మనలాగే ముక్కూమొహం తెలియనివాళ్ళని కూడా అలా పిలుస్తారు. (రోమన్ లిపిలో ‘ఆతె’కీ, తిన్నాడు అనే ఇంగ్లిషు మాటకీ స్పెల్లింగ్ ఒకటే కావడంతో తొందరపడి చదివితే అక్క కాస్తా భోజనమైపోతుంది.) ఇంత దగ్గరగా ఉండబట్టే తప్పు చేయడం తేలిక. అక్కడ పిల్లలు తల్లితో కూడా ‘ఓపో’ అంటారు. తెలుగులో అమ్మతో ‘అవునండి’ అన్న పిల్లాడు ఏదో పౌరాణిక నాటకంలోంచి దిగినట్టుంటాడు. అక్కడ ‘అవునమ్మా’ చాలు, మర్యాద ఆ సంబోధనలోనే ఉంది. ఇక అండి తక్కువగా వినిపించే తెలంగాణ ఊళ్ళ మాటలో అయితే బహువచన క్రియతో సరిపెట్టాలి.

ఇంగ్లిషు మేలైన చోటు కూడా ఒకటుందని ఒప్పుకోవాలి, కాకపోతే అక్కడ ఇంగ్లిషూ మనమూ ఇద్దరం ఓడిపోతాం. తగలోగ్ ‘సియా’ ఆడకీ మగకీ ఒకటే. ఇంగ్లిషు ఆడా మగా తేల్చితే సరిపోతుంది. తెలుగు దాంతోపాటు గౌరవం కూడా తేల్చమంటుంది. అమాండా తన భర్త గురించి చెప్పేటప్పుడు ‘ఆయన’ అనాలా, ‘అతను’ అనాలా? మొదటి నుంచీ ‘ఆయన’ అంటే, విడిపోవాలన్న మాట ఆమె నోట వచ్చేనాటికి ఆ ‘ఆయన’ ఏమవ్వాలి? మధ్యలో ‘అతను’కి మారిస్తే చదవడానికి బాగుంటుంది, కానీ ఆ మార్పు బౌతిస్తా చేసింది కాదు, అనువాదకుల చేతివాటం. ఎదురుగా పిలిచేటప్పుడూ ఇదే తంటా. అక్కడ భర్తను పేరుపెట్టి పిలవడం మామూలే. ‘ఏమండీ’ అని పెట్టామంటే మూలంలో లేని ఒక తలవంపు ఆమెకి అంటగట్టినట్టే. నేనైతే పేరే ఉంచి, వెనకాల చెప్పుకునేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా ‘ఆయన’ అనే వాడతాను. మారాల్సిందేదో ఆమె క్రియల్లో మారుతుంది.

మరో సంగతి, కలగాపులగపు భాష. మనీలా మధ్యతరగతి ఇళ్ళలో తగలోగ్, ఇంగ్లిషు కలిపి మాట్లాడతారు. మనం ‘డ్రైవ్ చేశాను’ అని వెనక ఒక క్రియ తగిలిస్తాం, వాళ్ళు ముందు ‘నగ్’ తగిలించి ‘నగ్-డ్రైవ్’ అంటారు. ఇంగ్లిషు అనువాదంలో అంతా ఇంగ్లిషే కాబట్టి, ఏ పాత్ర ఎంత ఇంగ్లిషు కలుపుతోంది, దాన్నిబట్టి ఏ తరగతి మనిషి అన్న గుర్తులు తుడిచిపెట్టుకుపోతాయి. తెలుగులో వాటిని ఉన్నవున్నట్టు ఉంచొచ్చు. ఇక్కడ మనవాళ్ళు చేసే పొరపాటు, సాహిత్యం కదా అని అచ్చతెలుగులోకి దించేయడం. పనిమనిషీ ఇంజనీరూ ఒకేలా మాట్లాడితే ఆ నవల చచ్చిపోయినట్టే.

కొన్ని ఇంగ్లిషు మాటలకి ఆ నేల మీద అర్థమే తిరగబడింది. ‘సాల్వేజ్’ అంటే మామూలుగా మునిగిపోతున్నదాన్ని కాపాడడం. మార్కోస్ కాలపు ఫిలిప్పీన్స్‌లో అదే మాటకి, పట్టుకెళ్ళి చంపి ఎక్కడో పారేయడం అని అర్థం వచ్చింది. జేసన్‌కి జరిగింది అదే. ఇంగ్లండులోనో అమెరికాలోనో ఉన్న పాఠకులకి అడుగున ఓ వివరణ కావాలి. తెలుగు పాఠకులకి ‘ఎన్‌కౌంటర్’ అనే మాట ఎలా బతికిందో తెలుసు.

ఈ నవలకి 1983లో, అక్కడ పేరున్న సాహిత్య పురస్కారం, పాలాంకా బహుమతి వచ్చింది. మార్కోస్ దేశం విడిచి పారిపోయింది 1986 ఫిబ్రవరిలో. అంటే రాసిన నాటికి నియంత గద్దె మీదే ఉన్నాడు. జాబితాలు ఇక్కడ ‘ధైర్యం’ అని ముగిస్తాయి. ఆ ధైర్యం పుస్తకంగా నిలబడడానికి ఒక నిర్ణయం కారణం. మాట్లాడేది విప్లవకారుడు కాదు, వాడి తల్లి. ఉపన్యాసం ఇవ్వడానికి అమాండాకి సిద్ధాంతం తెలియదు. తెలియనితనం నుంచి ఒక్కో మెట్టు ఎక్కుతుంటే పాఠకులూ ఆమెతో ఎక్కుతారు. బౌతిస్తా మనీలాలోని తోండోలో పుట్టింది, కాలేజీ మొదటి ఏడాది కూడా పూర్తిచేయలేదు, సినిమాలకి స్క్రీన్‌ప్లేలు రాసింది. సంభాషణతో కథ నడపడం ఆ పనిలో ఇంకా పదునెక్కి ఉంటుందని నా అనుమానం.

ఆమె మరో నవల పేరు ‘బాతా, బాతా... పానో కా గినావా?’. లేయా అనే ఆమె, ఇద్దరు పిల్లలు, ఆ పిల్లలకి వేర్వేరు తండ్రులు. ‘బాతా’ అంటే బిడ్డ, ఆడపిల్లా కాదు, మగపిల్లాడూ కాదు. ‘పిల్లాడా’ అంటే మాయా అనే కూతురు పోతుంది, ‘పాపా’ అంటే ఓజీ అనే కొడుకు పోతాడు. ‘బిడ్డా, బిడ్డా, నిన్నెట్ల చేసిండ్రు?’ అన్నామనుకోండి, ఇద్దరూ ఉంటారు, పిల్లల ఆటపాట లయ కూడా కొంత వస్తుంది. ఈ ఒక్క పేరు కోసమే నవలంతా తెలంగాణ తెలుగులో చేయొచ్చు.

‘మంచిది’ టీచరు

నవలతో మొదలుపెట్టడం కష్టమనుకునేవాళ్ళకి జెనోవేవా ఎద్రోసా మాతుతె కథ ‘క్వెంతో ని మబూతి’ ఉంది. 1951లో తగలోగ్ కథకి ఇచ్చిన మొదటి పాలాంకా బహుమతి దానికే. ఆమె 46 ఏళ్ళు పాఠాలు చెప్పింది, బడిలోనూ, ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలోనూ. కథలోనూ ఒక టీచరే. మాటకి ముందో వెనకో ‘మబూతి’ అనడం ఆమె అలవాటు కాబట్టి పిల్లలు వెనకాల ఆ పేరే పెట్టుకుంటారు. మబూతి అంటే మంచిది. తెలుగులో ఈ మాట వాడేవాళ్ళు ఎంతమంది లేరు! ఫోను పెట్టేసేముందు మంచిది, పాఠం అయిపోతే మంచిది, ఏం చెప్పాలో తోచకపోతే మంచిది. ఇంగ్లిషులో అది గుణవిశేషణమై బిగుసుకుపోతుంది.

కథ నడిపించే పిల్ల లైబ్రరీ మూలకి ఏడవడానికి వెళ్తుంది. అదే మూల టీచరు కూడా ఏడవడానికి వాడుకుంటుందని అప్పుడు తెలుస్తుంది. టీచరు తన కూతురి గురించి చెబుతుంటుంది, తండ్రిలా డాక్టరవుతానంటోందని. ఆ తండ్రి గురించి ఇంతకుమించి నేరుగా ఏమీ ఉండదు. అతను చనిపోయాక శవాన్ని ఉంచింది టీచరూ కూతురూ ఉండే ఇంట్లో కాదన్న ఒక్క ముక్కతో మిగతాదంతా పాఠకులకి అర్థమవుతుంది. మాతుతె ఆ సంబంధానికి ఎక్కడా పేరు పెట్టదు. మనదగ్గర ఇలాంటి కథని మార్చి రాస్తే జరిగే ప్రమాదం ఒకటే. ఆఖరి పేరాలో పిల్లచేత ‘అప్పుడు నాకు అర్థమైంది, టీచరు అతని...’ అని చెప్పించేస్తారు. ఆ వాక్యం పడ్డ క్షణంలో కథ పోతుంది.

చేతనైనవాళ్ళు ఒక పని చేయొచ్చు. తగలోగ్ పాఠం, ఇంగ్లిషు పాఠం పక్కపక్కన పెట్టుకుని నాలుగు రంగుల పెన్సిళ్ళు తీసుకోండి. తాయో-కామీ రూపాలకి ఒక రంగు, అందులో నాతిన్, ఆతిన్ తాయో వైపు. నామిన్, ఆమిన్ కామీ వైపు. పో, ఓపో, వాటికంటే కాస్త చనువైన హో, ఓహో రూపాలకి రెండోది. సియా కనిపించిన ప్రతిచోటా మూడోది. ఇంగ్లిషు, స్పానిష్ మాటలకి నాలుగోది. లియో జేమ్స్ ఇంగ్లిష్ అనే పాద్రీ చేసిన తగలోగ్-ఇంగ్లిషు నిఘంటువు పక్కనుంటే చాలు, భాషంతా రానక్కర్లేదు. నిఘంటువులో వెతికేటప్పుడు మాట ముందూ మధ్యలోనూ అతికిన ముక్కలు తీసేయాలి. ‘గినావా’ కోసం వెతికితే దొరకదు, మధ్యలోని ‘ఇన్’ తీసేస్తే ‘గావా’ దొరుకుతుంది, అంటే చేయడం. కొత్తవాళ్ళు చతికిలబడేది ఎక్కువగా ఇక్కడే.

ఇంగ్లిషులోనే రాసినవాళ్ళ మాటేమిటి

ఇక్కడ నా వాదనకి గట్టి అడ్డు వస్తుంది. ఫిలిపినా రచయిత్రుల్లో పేరున్నవాళ్ళు చాలామంది రాసిందే ఇంగ్లిషులో కదా, అక్కడ తాయో ఎక్కడిది? నిజమే. అమెరికా నుంచి టీచర్లు ఓడల్లో దిగి ఇంగ్లిషు బళ్ళు పెట్టింది 1901లో. పాస్ మార్కెస్ బెనితెస్ ‘డెడ్ స్టార్స్’ కథ అచ్చయింది 1925లో. ఒక్క తరం తిరక్కముందే పరాయి భాషలో ఆధునిక కథ నిలబెట్టింది. ఆ కథ మొదలయ్యే తీరు చూడండి. పెళ్ళికొడుకు తన గదిలో ఉంటే, బయట పూలకుండీల దగ్గర తండ్రీ తోబుట్టువూ అతని పెళ్ళి గురించి మాట్లాడుకోవడం కిటికీలోంచి వినబడుతుంటుంది. తన పెళ్ళి సంగతి తానే చాటుగా వింటున్న మనిషి ఎలాంటివాడో మరి చెప్పాలా? కథంతా అతని ఊగిసలాటలోనే నడుస్తుంది. రచయిత్రి ఎక్కడా వాణ్ణి తిట్టదు, వెనకేసుకురాదు. ఆమె రాసిన కథలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయంలో కథారచన నేర్పింది మాత్రం 1916 నుంచి 1951 దాకా. జాబితాల్లో ఆ 35 ఏళ్ళు ఎక్కడా కనబడవు.

మనలాంగ్ గ్లోరియా సంగతి కాస్త నిదానంగా చూడాలి. 1940లో ఆమె కవితల సంపుటి అప్పటి ఫిలిప్పీన్స్ కామన్వెల్త్ ప్రభుత్వపు సాహిత్య పోటీకి వెళ్ళింది. అందులోని ‘రివోల్ట్ ఫ్రమ్ హైమెన్’ పెళ్ళిలో జరిగే బలవంతాన్ని ఎదిరించే చిన్న కవిత. న్యాయనిర్ణేతలందరూ మగవాళ్ళే, అనైతికమన్నారు. బహుమతి ఒక దేశభక్తి కావ్యానికి వెళ్ళింది. 1950లో చదువుకునే పిల్లల కోసం సవరించిన ప్రతి వచ్చింది. అసభ్యమని నిషేధించిన ముద్దుపళని కావ్యం ‘రాధికా సాంత్వనం’ కథ ఎరిగిన మనకి ఇదేమీ కొత్తగా అనిపించదు. భర్తని 1945లో జపాన్ సైనికులు చంపారు, ఆమె పిల్లల్ని పెట్టుకుని అబకా నార వ్యాపారం చూసుకుంది, కవిత్వం ఆగిపోయింది. ధైర్యం కోణంలో చూస్తే ఇది ఓటమి కథ. పనితనం కోణంలో చూస్తే, ఆ పది పన్నెండు వరసల కవితల్లో ఒక్క మాట వదులుగా లేదు. జడ్జీలకి కోపం వచ్చిందీ అందుకే. దబాయించే కవితైతే పక్కన పడేసేవాళ్ళు. ఇది బిగువుగా ఉండి తప్పించుకోనివ్వలేదు.

త్రినిదాద్ తరోసా సుబీదో ఇంగ్లిషులోనే రాసిన ‘మ్యూటెడ్ క్రై’లో, నా రక్తంలోని భాషను లాక్కున్నారన్న ఫిర్యాదు ఉంది. ఫిర్యాదు కూడా ఆ లాక్కున్నవాళ్ళ భాషలోనే చేయాల్సి రావడం చూస్తే, పోయిన తాయో ఇంగ్లిషు కవితలో ఖాళీగా మిగిలినట్టు నాకు తోస్తుంది.

కెరీమా పొలోతాన్ దగ్గర నా తూకం తడబడుతుంది. ‘ద హ్యాండ్ ఆఫ్ ది ఎనిమీ’ నవల రాసింది, 1952లో ‘ద వర్జిన్’ కథకి పాలాంకా గెలిచింది. వాక్యం అంత పొదుపుగా రాసినవాళ్ళు ఆ తరంలో కొద్దిమందే. అదే మనిషి 1969లో మార్కోస్ భార్య ఇమెల్డా జీవితచరిత్ర రాసింది, పొలోతాన్ భర్త ఆ మార్కోస్ కొలువులోనే పెద్ద పదవి చేశాడు, చాలా పత్రికలు మూతపడిన సైనికపాలనలో ఆమె పత్రికలు నడిచాయి. స్ఫూర్తి జాబితాలో ఆమెకి చోటుండదు, ఉండకూడదు కూడా. ‘ద వర్జిన్’ని మాత్రం రాసేవాళ్ళు రెండుసార్లు చదవాలంటాను. ఉద్యోగాల ఆఫీసులో పనిచేసే పెళ్ళికాని మిస్ మిహారెస్, ఆమె బల్ల మీద వాలిపోయిన చెక్క పిట్ట. ఆ పిట్టని పొలోతాన్ ఎన్నిసార్లు చూపించింది, ఎప్పుడు చూపించడం మానేసిందన్నది లెక్కపెట్టుకోండి.

మనీలా దాటితే

తగలోగ్ అంటే ఫిలిప్పీన్స్ అనుకోవడం మరో పొరపాటు. ఆ దీవుల్లో నూటికి పైగా భాషలున్నాయి. విగాన్‌లో లియోనా ఫ్లోరెంతీనో 19వ శతాబ్దంలోనే ఇలొకానోలో కవితలు రాసింది, 35 ఏళ్ళకే పోయింది. ఇలోయిలోలో మాగ్దలేనా హలందోని తల్లి వద్దంటున్నా హిలిగైనోన్‌లో నవలలు రాసుకుంటూ పోయింది, మొదటిది పదహారేళ్ళ వయసులో. మెర్లీ అలూనాన్ ఇంగ్లిషులో పేరు తెచ్చుకున్నాక సెబువానో, వరాయ్ భాషల్లోకి మళ్ళింది. ఈ భాషలన్నిట్లోనూ మనం, మేము వేరువేరే. కానీ వీళ్ళ దగ్గరికి వెళ్ళడానికి ఇప్పటికి ఇంగ్లిషు వంతెనే గతి, నా నాలుగు పెన్సిళ్ళ పద్ధతి ఇక్కడ పెద్దగా పనిచేయదు.

పీనాయ్ ఉత్తరాలు

తెలుగులోకి మొదట రావాల్సింది ఏదంటే నేను రూత్ ఎలీనియా మబాంగ్లో ‘మంగా లిహామ్ ని పీనాయ్’ వైపు వేలు చూపిస్తాను. 1990 నాటి కవితల పుస్తకం. పీనాయ్ అంటే ఫిలిప్పీన్స్ ఆడమనిషి, అది ఒకరి పేరూ కాదు, అందరి పేరూ అవును. కువైట్ నుంచి, బ్రూనై నుంచి, జపాన్ నుంచి, ఆస్ట్రేలియా నుంచి ఆమె ఉత్తరాలు రాస్తుంది. ఒక్కో ఊరికి ఒక్కో పీనాయ్, ఒక్కో బతుకు. కువైట్ అనగానే కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ళు గుర్తొచ్చే మనకి ఈ పుస్తకం పరాయిది కాదు. అక్కడ పీనాయ్‌లూ మనవాళ్ళూ చేసేది అవే ఇంటిపనులు.

ఉత్తరమన్న రూపంలోనే కిటుకుంది. ఇంటికి రాసేవాళ్ళు మంచి మాటలే రాస్తారు, డబ్బు పంపిన సంగతి రాస్తారు, ఒంటి మీద దెబ్బ సంగతి రాయరు. రాయనిది పంక్తుల మధ్య కనిపించేలా పెట్టాలి. అనువాదంలో ‘కుశలమని తలుస్తాను, ఇక్కడ నేను క్షేమం’ అన్న పాత మర్యాద మాట పనికొస్తుంది, ఆ ‘క్షేమం’ కింద ఏం కదులుతోందో తెలుగువాళ్ళు ఇట్టే పసిగడతారు. పీనాయ్ అన్న పేరును మార్చకూడదు, ‘ఫిలిప్పీన్స్ మహిళ’ అని విడగొట్టకూడదు. ఒక్కసారి మొదట్లో అర్థం చెప్పి వదిలేస్తే నాలుగో ఉత్తరానికి పీనాయ్ తెలిసినవాళ్ళ పేరైపోతుంది. తేలాల్సినవి చిన్న చిన్నవే మిగులుతాయి. ఆ ఉత్తరాల్లో ఇంటివాళ్ళని నువ్వు అనాలా మీరు అనాలా, ‘మన ఇల్లు’ అని రాసే చోటు ఏది, ‘మీ ఇల్లు’ అని రాయడం ఆమె ఎప్పుడు మొదలుపెట్టింది.